ఇరవై గడుల్లో పట్టని పేరు

మా సార్ పోయారని కాకినాడ నుంచి వాళ్ల తమ్ముడు ఉత్తరం రాశాడు. మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఇంకెవరి గురించో రాశాడేమో అనిపించింది. ఏడవాలో వద్దో, ఎవరికి చెప్పుకోవాలో ఇంకా తెలియడం లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో అబుదాబి దగ్గర ముసఫ్ఫాలో పైపులు వేసే కంపెనీ మాది. కంప్యూటర్ గదిలో సార్, నేను, ఇద్దరమే. ఆ యంత్రాన్ని ఇంజనీర్ల లెక్కల కోసం కొన్నారు. దానికి వచ్చిన భాష ఫోర్ట్రాన్ ఒక్కటే. అంకెలంటే దానికి ప్రాణం, మనుషుల పేర్లంటే చిరాకు. అయినా మా ముదీర్, అదే మా మేనేజరు, పనివాళ్లుండే క్యాంపులో ఎవరెవరు సెలవు మీద ఇంటికెళ్లాలో ఆ జాబితా కూడా అందులోంచే తీయమన్నాడు.

సార్ ముందు గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో, గడికో అక్షరం చొప్పున పేర్లు రాసుకునేవారు. ఖాళీ ఉన్నచోట చుక్క పెట్టేవారు. "ఖాళీక్కూడా ఓ గడి ఇవ్వాలమ్మా, లేకపోతే అలుగుద్ది," అనేవారు. నాకు ఒళ్లు మండేది. అంత ఓపిక నాకెక్కడిది?

ఓరోజు ఆయన్ని అడక్కుండా, పేరుకి ఇరవై అక్షరాలు చాల్లే అనుకుని ప్రోగ్రాం రాసేశాను. ఒకే పేరు రెండుసార్లు వస్తే ఒకటి తీసెయ్యమనీ రాశాను. గొప్ప తెలివి, నా మొహం! యంత్రం కిక్కురుమనలేదు. జాబితా అచ్చయింది, ముదీర్ సంతకమూ పడింది.

మర్నాడు జగిత్యాల వైపు వెల్డర్ గంగారాం తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, లిస్టుల గంగారాం ఉన్నడట. గని అది నేను కాదట. మరి నేనెటు పోయిన?"

వాళ్లక్క కొడుక్కి మూడో ఏడు నడుస్తోంది. పుట్టు వెంట్రుకలు ఇంకా తీయలేదు.

"మేనమామ ఒళ్లె కూసోవెడితేనే తీస్తరు సార్. నా కోసమే ఆపిండ్రు. మూడో ఏడు దాటొద్దు," అన్నాడు సార్‌తో.

మాకేమీ అర్థం కాలేదు. ఫారం ఉంది, పాస్‌పోర్టు ఉంది, మనిషి ఎదురుగానే ఉన్నాడు. జాబితాలో మాత్రం లేడు. నేను యంత్రాన్ని తిట్టిపోశాను. సార్ గళ్ల కాగితం మీద అతని పేరు రాశారు. ఇంటిపేరు, పేరు, చివర తండ్రి పేరు. ఇరవయ్యో గడి దగ్గర పెన్సిల్ ఆగింది. తండ్రి పేరు మొత్తం బయటే ఉండిపోయింది. అదే ఊరి నుంచి, అదే ఇంటిపేరుతో ఇంకో గంగారాం మా క్యాంపులో ఉన్నాడు. తండ్రుల పేర్లు తెగిపోయేసరికి ఇద్దరూ ఒక్కడైపోయారు.

ముదీర్ వినలేదు. "ఖలాస్. విమానంలో సీట్లు నిండిపోయాయి. ఆర్నెల్లాగమను," అన్నాడు.

"తప్పు నాదండీ," అన్నారు సార్. "జాబితాలో నా పేరుంది కదా, అది కొట్టేసి ఇతన్ని పంపండి."

నేను వెనకే ఉన్నాను. బయటికొచ్చాక మాత్రం పోట్లాటకి దిగాను.

"అదేంటి సార్? తప్పు చేసింది నేను. మీరు ఇంటికెళ్లి రెండేళ్లయింది!"

"నువ్వు రాసింది నేను చూడాలి కదమ్మా. చూళ్లేదు," అన్నారు.

అది జవాబేనా? అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. నాకు తెలిసిందల్లా ఒకటే, ఆయన మీద ఎంత కృతజ్ఞతో నా మీద నాకు అంత సిగ్గు. ముదీర్ దగ్గరికి వెళ్లి నిజం చెబుదామని రోజూ అనుకునేదాన్ని. చెప్పలేదు.

ప్రయాణం రోజు పొద్దున్నే సార్ క్యాంపుకి వచ్చారు. ఎయిర్‌పోర్టు బస్సు బయల్దేరబోతుంటే కిటికీలోంచి గంగారాంకి ఒక పొట్లం అందించారు.

"బొంబాయిలో దిగగానే పోస్టులో వేసెయ్. మా అమ్మాయి గౌను. నేనెళ్లేదాకా ఉంచితే పొట్టయిపోద్ది."

గంగారాం వంగి అందుకున్నాడు. పెట్టె పైన సామాన్ల అరలో ఉంది. పొట్లాన్ని మాత్రం అక్కడ పెట్టలేదు. ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చున్నాడు. బస్సు కదిలింది.