శిరివెళ్ల మెట్ట దగ్గర చతికిలబడే కారు

అది 1984 ఎండాకాలం. నంద్యాలలో ఒక రైసుమిల్లు గోడ పక్కన నా మెకానిక్ షెడ్డు ఉండేది. అప్పట్లో పెట్రోలు ఖర్చు భరించలేక అంబాసిడర్ కార్లవాళ్లు చాలామంది పాత ఇంజన్ దించేసి, వ్యాన్లలోంచి తీసిన డీజిల్ ఇంజన్లు ఎక్కించుకునేవాళ్లు. అలా మార్చిన కారు ఆ తర్వాత తుమ్మినా దగ్గినా ఇంజన్ మార్చిన మెకానిక్‌నే తిట్టేవాళ్లు. దస్తగిరి కారుకు మార్చింది నేనే.

దస్తగిరిది ఆళ్లగడ్డ. అక్కడ బాడుగ కారు నడిపేవాడు. కాన్పు కష్టమైన ఆడవాళ్లను నంద్యాల ఆస్పత్రికి తేవాలంటే చుట్టుపక్కల పల్లెల వాళ్లు ముందు అతని ఇంటికే పరుగెత్తేవాళ్లు. అలాంటి మనిషి ఒకరోజు షెడ్డు ముందు కారు ఆపి, కూర్చోమన్నా కూర్చోకుండా అందుకున్నాడు.

"దానం అన్నా, నువ్వేసిన ఇంజన్ మోసం చేస్తాంది. నిదానంగా పోతే బాగనే పోతాంది. కాలు నొక్కి వేగం ఎత్తితే దమ్ము పోతాది. ఎంత తొక్కినా లాగల్యా."

"యాడ?"

"శిరివెళ్ల మెట్ట కాడ. ఈడనుంచి పోయినా ఆడే, ఆడనుంచి వచ్చినా ఆడే. దిగి కాసేపు నిలబెడితే మళ్లీ ఏం ఎరగనట్టు పోతాది. ఆ తావు మంచిది కాదంటాండారు. నిమ్మకాయలు గూడా కట్టినా."

"నిమ్మకాయలు కట్టినాక నా కాడికెందుకొచ్చినావప్పా?" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

అతను నవ్వలేదు. "మాబున్ని కాన్పుకొచ్చిందన్నా. నెలలు నిండినాయి. బిడ్డ అడ్డం తిరిగిందంట. నొప్పులు రాంగానే బిరీన నంద్యాలకు తీసుకపోవల్లని డాక్టరమ్మ చెప్పింది. ఊర్లో ఆడోళ్లందర్నీ మోసినా, నా బిడ్డను నడిదోవలో దించల్లనా? నాకీ ఇంజన్ వద్దు. పాతదే ఎక్కించు."

మాబున్ని అతనికి ఒక్కతే కూతురు. నా కోపం అక్కడితో చల్లారింది.

డీజిల్ ఇంజన్ బలం తగ్గితే ముందు పొగ చూడాలి. నల్లగా పొగ కక్కుతుంటే డీజిల్ అందుతోంది, గాలి చాలడం లేదని అర్థం. పొగ లేకుండానే నీరసపడితే డీజిలే సరిగా అందడం లేదు. దస్తగిరి కారు పొగ వదలడం లేదు. అందుకని ఫిల్టర్ మార్చాను. ట్యాంకు నుంచి డీజిల్ లాగి ముందుకు తోసే ఫీడ్ పంప్ విప్పి చూశాను. ట్యాంకు దించి కడిగాను. పైపుల్లో గాలి ఊది చూశాను. ఎక్కడా ఏ లోపమూ లేదు. షెడ్డులో నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ గోల చేసిందే తప్ప నీరసపడలేదు. ఇంజన్ దించడం ఒక పూట పని కాదు. పైగా తప్పు ఇంజన్‌ది కాదని నా మనసు గట్టిగా చెబుతోంది. అలా చెప్పే మనసు ఒక్కోసారి ఉత్త గర్వం కూడా కావచ్చు.

"నడువ్, నేనూ వస్తా. ఆళ్లగడ్డ దాకా పోదాం" అని పక్కన కూర్చున్నాను.

సరిగ్గా మెట్ట దగ్గరే కారు నీరసపడింది. దస్తగిరి కాలు పూర్తిగా నొక్కి పట్టాడు, అయినా వేగం పడిపోతూనే ఉంది. రోడ్డు పక్కన ఆపాం. మామూలుగా అయితే నేను ముందుకెళ్లి బానెట్ ఎత్తేవాణ్ణే. ఎండ మండిపోతోంది, కారు నీడ వెనకవైపు పడితే అటు పోయి నిలబడ్డాను. దస్తగిరి కూడా వెనక్కొచ్చి, సీటు కింద పెట్టుకున్న వేపపుల్ల ట్యాంకులో ముంచడానికి మూత తిప్పాడు. డీజిల్ మట్టం చూపే ముల్లు పనిచేయక, ఎక్కడ ఆగినా పుల్లతో కొలుచుకోవడం అతనికి అలవాటు. మూత కదలగానే ఉస్సుమని గాలి లోపలికి పోయింది.

"ఆగు. ఆగినప్పుడల్లా ఇట్లనే మూత తీస్తావా?"

"తీయకుంటే డీజిల్ ఎంతుందో ఎట్ల తెలుస్తాది?"

మూత బిగించి మళ్లీ బయలుదేరాం. ఆళ్లగడ్డ దగ్గరపడేదాకా హాయిగా పరుగెత్తి మళ్లీ నీరసపడింది. ఈసారి ఆపినా మూత తీయనివ్వలేదు. అతను బీడీ ఒకటి కాల్చాక స్టార్టు చేస్తే అదే నీరసం. మూత తీయించాను. ఉస్సుమంది. కారు ఎప్పటిలా పరుగందుకుంది. మూత తిరగేసి చూస్తే లోపల సైకిల్ ట్యూబు కోసి గుండ్రంగా అతికించిన రబ్బరు ఉంది.

ట్యాంకులో డీజిల్ తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి పోవాలి. అందుకే మూతకు సన్నని బెజ్జం ఉంటుంది. రబ్బరు దాన్ని మూసేసింది. గాలి అందని ట్యాంకు డీజిల్‌ను వెనక్కి పట్టుకుంటుంది. మెల్లగా పోయేటప్పుడు పంపు ఎలాగో లాక్కుంటుంది, వేగం పెంచితే దానికి చేతకాదు. ఆ మెట్ట రెండు ఊళ్లకూ నడిమధ్యన ఉంది, రెండు చోట్లా ఆగినప్పుడు అతను మూత తీసేవాడు కాబట్టి ఎటునుంచి వచ్చినా ట్యాంకుకు ఊపిరి అక్కడే బిగుసుకునేది.

"ఇదెవురు పెట్టినారు?"

"నేనే" అన్నాడు దస్తగిరి. "గుంతల్లో డీజిల్ చిమ్మి వాసన కొడతాందన్నా. నిండు చూలాండ్లు ఆ కంపుకు కక్కుకుంటాండ్రి. పాపమని పెట్టినా."

రబ్బరు పీకేశాను. వాసన బయటికి పోయేలా రేపు షెడ్డులో సన్నపైపు వేస్తానన్నాను.

భోంచేసి పొమ్మని నన్ను ఇంటికి తీసుకెళ్లాడు. వాకిట్లో అడుగు పెట్టకముందే అతని భార్య ఎదురొచ్చింది. మాబున్నికి నొప్పులు మొదలయ్యాయి. తల్లీకూతుళ్లను వెనక కూర్చోబెట్టి వచ్చిన దారినే తిరిగాం. మెట్ట దగ్గరికి వచ్చేసరికి దస్తగిరి కాలు తనంతట తానే పైకి లేచింది.

"కాలు తీయొద్దు, తొక్కు" అన్నాను.

తొక్కాడు. కారు పోతూనే ఉంది. డీజిల్ కంపు గుప్పున లోపలికి కొట్టింది. మాబున్ని కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకుంది. "నాయనా, రోంత ఆపు" అని ఏడ్చింది.

"కక్కుకో తల్లీ. నేనాపను" అన్నాడు దస్తగిరి. అతని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. కాలు మాత్రం తీయలేదు.

ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని డాక్టరు చెప్పినప్పుడు దస్తగిరి అక్కడే గోడకానుకుని కూలబడ్డాడు. నేనూ పక్కనే కూర్చున్నాను.

బండికి ఏం చెడు జరిగిందో ఎవరైనా చెబుతారు. దానికి తాము చేసిన మంచి మాత్రం చెప్పరు, అందులో తప్పుంటుందని వాళ్లకు తోచదు. అప్పటినుంచి షెడ్డుకు వచ్చిన ప్రతివాణ్ణీ బానెట్ ఎత్తకముందే, బండికి నువ్వు చేసిన మంచేందప్పా అని అడుగుతున్నాను.