మా తాతయ్య మూసేసిన కిటికీలు

నా చిన్నప్పుడు మా ఊరి చర్చికి పడమటి గోడలో కిటికీలు లేవు. అరకు దాటి ఇంకా పైన, కొండవాలులో ఉన్న ఊరు మాది. మా బడి కూడా ఆ చర్చిలోనే నడిచేది. కట్టిన కొత్తలో ఆ గోడకు నిలువెత్తు కిటికీలు మూడు ఉండేవట. వాటిని రాళ్లతో మూసేసి, బయట పెంకుల వసారా దించింది తాపీమేస్త్రీ అయిన మా తాతయ్యే. ఎవరినీ అడగలేదు.

నా తొమ్మిదో ఏట, ఆ చర్చికి ప్లాను గీసిన ఇంగ్లీషు దొర దాన్ని చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయనకు కోపం వస్తే బడి మూయిస్తారని ఊరంతా భయపడింది.

“బేగి కొండెక్కిపో. దొర ఎల్లాక దిగు,” అన్నారు పాస్టరుగారు తాతయ్యతో.

తాతయ్య వెళ్లలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చర్చి మెట్ల మీదే ఉన్నాడు.

ముసలి దొర జీపు దిగి, చేతికర్రతో చుట్టూ తిరిగి, ఆ గోడ దగ్గర ఆగాడు. ఇది ఎవరు చేశారని అడిగినట్టున్నాడు. పాస్టరుగారు తెలుగులో చెప్పేలోపే తాతయ్య లేచాడు.

“నానే మూసినానయ్యా. వోన ఇటేపే కొడతాది. లోన కూకున్న పిల్లలు తడిసిపోయేవోరు.”

పాస్టరుగారు ఆ మాట ఇంగ్లీషులో చెప్పాక దొర ఆ గోడ రాళ్లను చేత్తో తడిమి చూశాడు. తర్వాత ఆయన చెప్పింది పాస్టరుగారు మాకు వివరించారు. తాను సొంతంగా గీసిన మొదటి కట్టడం ఇదేనట. ఇక్కడి వాన చూడకుండా మద్రాసులో కూర్చుని గీశాడట. ఆ తర్వాత స్టేషన్లు, కాలేజీలు, బ్యాంకులు ఎన్నో కట్టించాడు, పేరొచ్చింది. కానీ వాటిలో ఒక్కదాని దగ్గరికైనా మళ్లీ వెళ్లి, లోపలున్నవాళ్లకు ఎలా ఉందో అడగలేదట.

“ఇంకేటి మార్చావో చూపించమంటన్నారు,” అన్నారు పాస్టరుగారు.

తాతయ్య అన్నీ చూపించాడు. దొర నోటుపుస్తకం తీసి, చర్చిని ఇప్పుడున్నట్టుగా, ఆ మూసిన గోడతో, వసారాతో మళ్లీ గీసుకున్నాడు. అడుగున తన సంతకం చేసి, పక్కన తాతయ్య చేత వేలిముద్ర వేయించాడు. బడి జోలికి ఎవరూ రాలేదు.

పెద్దయ్యాక నర్సునై ఈ కొండ ఊళ్లలోనే పనిచేశాను. కాన్పు చేసిన ప్రతి ఇంటికీ నెల తర్వాత మళ్లీ వెళ్లి, ఎలా ఉందని అడిగేదాన్ని. చాలామంది బాగుందనేవారు. ఒక తల్లి మాత్రం బిడ్డను ఒళ్లో పెట్టుకుని, “నొప్పులొత్తన్నప్పుడు నన్ను కసిరేసినావు సిస్టరమ్మా,” అంది.

నాకు గుర్తే లేదు. అయినా లేదనలేదు. గుమ్మంలోనే కూర్చుని, ఆమె చెప్పిందంతా విన్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నొప్పులు పడుతున్న ఏ మనిషినీ కసరలేదు.