క్లిప్పు ఏ దిక్కుకు పెట్టాను

మల్లేశం దుకాణానికి పోవడం మీరెందుకు మానేశారు? మీ కళ్లతో ఏం చూశారని? అతడు అమ్మిన మోటార్‌సైకిల్ చైనును ఒక్కరైనా చేత్తో పట్టి చూశారా? చూడలేదు. నేను పత్రికలో రాశాను, మీరు నమ్మారు. పదకొండేళ్లుగా నేను మోస్తున్న బరువు అదే, మీ నమ్మకం. దాన్ని దించకుండా ఇంకో వ్యాసం రాయలేను.

నన్ను మీరెరుగుదురు. పాత మోటార్‌సైకిల్ మీద ఊరూరా తిరిగి, శకునాలను, ముహూర్తాలను సభల్లో చీల్చి చెండాడినవాణ్ణి. కింద పేరు పెట్టే ధైర్యం ఇంకా రాలేదు. అది కూడా నా నేరంలో భాగమే.

ఆ ఏడు దసరాకు ముందు రోజు. బండి చైను సాగిపోయి చక్రం పళ్ల మీద జారుతోంది. మందమర్రిలో మెకానిక్ మల్లేశం దగ్గర కొత్తది కొన్నాను. బిగించమన్నాను. అతని పానాలు, నొక్కి పట్టే పకడ్, మర తిప్పితే చైను పిన్నును బయటికి తోసే చిన్న పనిముట్టు, అన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గుడ్డ మీద వరసగా పేర్చి ఉన్నాయి.

"పూజకు పెట్టిన సారూ. ఇగ ముట్ట. పండుగ తెల్లారి మొదటి పని నీదే."

"ఇనుముకు పండుగేంది మల్లేశం? రేపు మంథనిల నా సభ ఉంది."

"పండుగనాడు పండుగ వద్దని చెప్పే సభేనా?" అని నవ్వాడు. "సరె, నువ్వే బిగించుకుంటనంటే జర ఇను. క్లిప్పు మూసిన కొస చైను పోయే దిక్కుకు ఉండాలె. ఉల్టా పెట్టినవంటే ఊడుతది."

"చైనుకు గూడ వాస్తు పెట్టినవా?"

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నవ్వించడం నాకు బాగా వచ్చు.

రెండు రోజులు ఆగితే సరిపోయేది. ఆగితే ఓడినట్టు అనుకున్నాను. ఇంటి వాకిట్లో బండ మీద పాత చైను, కొత్త చైను పక్కపక్కన పరిచి కొలిచాను. కొత్తది రెండు లింకులు ఎక్కువ. పిన్ను తోసే పనిముట్టు లేదు కాబట్టి మేకు పెట్టి సుత్తితో కొట్టాను. మేకు వంగింది. ఇంకో మేకు పెట్టాను. చివరికి పిన్ను ఊడింది. చైను చుట్టి, రెండు కొసలు కలిపి, ఆ లింకు మీద క్లిప్పు పెట్టాను. గుర్రపు నాడాలా ఉంటుంది అది, ఒక కొస మూసి, ఒక కొస తెరిచి. పకడ్ లేదు. స్క్రూడ్రైవర్‌తో నొక్కాను. టక్కున కూర్చుంది.

తెరిచిన కొస చైను పోయే దిక్కుకే ఉంది. చూశాను. అవును, చూశాను. తీసి తిప్పి పెట్టడానికి ఎంతసేపు? కానీ దిక్కు అనే మాట వింటేనే నాలో ఏదో బిగుసుకునేది. తూర్పు వాకిలి అనీ, ఉత్తరం తలాపు అనీ భయపెట్టేవాళ్లతో ఇన్నేళ్లు కొట్లాడింది ఒక మెకానిక్ మాట విని క్లిప్పు తిప్పుకోవడానికేనా అనుకున్నాను. ఎందుకు అని ఎందుకు అడగలేదు? ఊళ్లన్నిటికీ నేర్పిన ప్రశ్న నా నోటికే రాలేదు. తెరిచిన కొస ముందుంటే, తిరిగేటప్పుడు దేనికి తగిలినా క్లిప్పు వెనక్కి జారి ఊడిపోతుంది. అది శకునం కాదు. పని తెలిసిన చేతులు కనిపెట్టిన సంగతి.

మరునాడు సభకు బయలుదేరాను. నా బావమరిది రాజయ్య బండి మీద నా వెనక కూర్చున్నాడు. గనిలో బొగ్గు కొట్టే మనిషి. ఊరు దాటిన కాసేపటికే చైను ఊడి వెనక చక్రంలో ఇరుక్కుంది. నాకు మోచేతులు గీసుకుపోయాయి. రాజయ్య మోకాలు బండి కింద నలిగింది. ఆ కాలు మళ్లీ వంగలేదు. అతడు మళ్లీ గనిలోకి దిగలేదు.

"పండుగనాడు మోటరెక్కిండు. అమ్మవారు ఊకుంటదా?" అంది ఊరు.

నా తప్పని చెబితే, పూజ చేసే మల్లేశం మాటే నెగ్గి అమ్మవారే గెలుస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. హేతువాద ఉద్యమం కోసమే దాస్తున్నానన్నాను. అబద్ధం. నలుగురిలో నేను ఎగతాళి చేసిన మనిషి చెప్పిందే నిజమని ఒప్పుకోలేక దాచాను. రాజయ్య మంచం పక్కన నిలబడి మొదట అతనితోనే అన్నాను, మల్లేశం నకిలీ చైను అమ్మాడని. తర్వాత వ్యాసం రాశాను, పనిముట్లకు మొక్కే చేతులే నకిలీ సరుకు అమ్ముతాయని. బాగా రాశాను. మీరు మెచ్చుకుంటూ ఉత్తరాలు పంపారు.

మల్లేశం ఒక్కసారి మా ఇంటికి వచ్చాడు. గొడవ పడలేదు. "సారూ, క్లిప్పు ఏ దిక్కుకు పెట్టినవ్?" అని మాత్రం అడిగాడు.

తలుపు వేశాను.

గని కాలనీలో మీరెవరూ మళ్లీ అతని దుకాణం మెట్లు ఎక్కలేదు. ఎండాకాలం వచ్చేసరికి అతడు దుకాణం మూసి హుస్నాబాద్ పోయాడు. ఇంజన్లు విప్పిన మనిషి అక్కడ సైకిళ్లకు పంక్చర్లు వేస్తున్నాడని విన్నాను. రాజయ్య మొన్నటిదాకా అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ అతన్ని తిట్టేవాడు. నేను వింటూ తినేవాణ్ణి. ఎలా తిన్నాను?

నిన్న రాజయ్యకు ఇంతవరకు రాసింది చదివి వినిపించాను. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. హుస్నాబాద్‌కు ఒక ప్రతి పంపాను. ఎదురుగా పోయే ముఖం లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అడక్కుండా నమ్మినవాళ్లకు క్షమించే అర్హత ఎక్కడిది? రాసేశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకుమించి నాకు ఏమీ దక్కదు, దక్కకూడదు.

ఇక మీ పని. మల్లేశం అమ్మిన చైను మంచిదే. ఉల్టా బిగించి ఒక మనిషి కాలు పోగొట్టినవాణ్ణి నేను. ఆనాడు అతని మీద ఎవరెవరికి చెడ్డగా చెప్పారో, వాళ్ల ఇళ్లకు నడిచి వెళ్లి ఈ మాట చెప్పండి. రేపు కాదు. ఇప్పుడే లేవండి.