పసుపు లారీకి ఎదురు

మా డ్రైవరన్న పోయాడని మొన్న పొద్దున వాళ్ల ఊరు పెర్కిట్ నుంచి కబురు వచ్చింది. దేవుడి ముందు దీపం వెలిగించబోతున్నదాన్ని అగ్గిపెట్టె పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆయన నాకు బంధువు కాడు. అయినా నేనీ రోజు బడిలో పంతులమ్మనంటే ఆయన లారీ వల్లనే.

పదేళ్ల కిందటి మాట. నా భర్త పోయి రెండేళ్లయింది. పంతులమ్మ ఉద్యోగానికి నన్ను నిజామాబాదుకు పిలిచారు. పదకొండు గంటలకు అక్కడ ఉండాలి. నాకప్పుడు ముప్పై తొమ్మిదేళ్లు, వయసు నలభై దాటితే మళ్లీ పిలవరు. ఆ రోజు బస్సు రాలేదు. ఆర్మూరు రోడ్డు మీద తెల్లచీరతో నిలబడి రాముణ్ణి తలుచుకుంటుంటే పసుపు బస్తాల లారీ వచ్చి ఆగింది.

లోపల సరుకు తాలూకు ఆలూరు రైతు, గాజులమ్మే ముసలమ్మ ఉన్నారు. ఒకరికొకరు తెలియనివాళ్లు. నన్ను చూడగానే రైతు మొహం తిప్పుకున్నాడు.

"తొలి సరుకు పోతున్నదన్నా. గీమె ఎదురొచ్చిందేంది?"

"ఆమె యాడ ఎదురొచ్చింది పటేలా? నిలబడ్డకాడ్నే ఉన్నది. మనమే ఆమెకు ఎదురొచ్చినం," అన్నాడు డ్రైవరన్న. భుజం మీది తువ్వాలతో సీటు తుడిచాడు. "ఎక్కు చెల్లె."

రైతు దిగిపోయి వెనక బస్తాల మీద కూర్చున్నాడు.

బండి కదిలించే ముందు డ్రైవరన్నకు ఒక అలవాటుంది. తల బయటపెట్టి "అందరు ఎక్కిండ్రా?" అంటాడు. ఆ వెంటనే, "దేవుడు గూడ ఎక్కిండా?" ఎవరో ఒకరు "ఎక్కిండు" అనేదాకా గేరు వేయడు. ఆ రోజు ఎవరూ పలకలేదు. చివరికి నేనే మెల్లగా అన్నాను.

"జర గట్టిగ చెప్పు చెల్లె, ఇంజన్‌కు ఇనబడాలె!"

సగం దారిలో టైరు పంక్చరైంది. బరువు తగ్గించడానికి బస్తాలు దింపుతుంటే ఒకటి చిరిగి పసుపు కొమ్ములు రోడ్డంతా పడ్డాయి. ముసలమ్మ వంగి ఏరుతోంది. భర్త పోయిన నాటి నుంచి నేను పసుపు ముట్టలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

"గట్ల చూస్తుంటె నీ పదకొండు గంటలు ఆగుతయా? ఏరు," అన్నాడు డ్రైవరన్న బండి కింది నుంచి.

నేను రైతు వైపు చూశాను. ఆయన కింద పడ్డ కొమ్ము ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"నా ఇంటామె నాటిన పసుపు. పంట చేతికొచ్చేసరికి ఆమె లేకపాయె," అన్నాడు. "ఏరు తల్లీ."

కొంగు పట్టి ఏరాను. ఆ తర్వాత రైతు ముందుకొచ్చి మా పక్కనే కూర్చుని, నిజామాబాదు వచ్చేదాకా భార్య గురించే చెప్పాడు. "గాజుల బేరం ఎట్లున్నా, గీ దినం మాటలకు కరువు లేకపాయె," అంది ముసలమ్మ. ఆమె ఇంట్లో మాట్లాడేవారెవరూ లేరట. ఒంటరిగా పోయేవాళ్లను ఎందుకు ఎక్కించుకుంటావని అడిగితే డ్రైవరన్న, "ఇడిసిపెట్టి పోతె బండి బరువెక్కుతది చెల్లె," అన్నాడు.

పదకొండు కొట్టకముందే చేరాను. అరచేతులు, తెల్లటి కొంగు, అంతా పసుపు. "ఏ ఊరమ్మా?" అని అడిగిన అధికారి నా చేతులు చూసి, "ఇంత పసుపంటే ఆర్మూరే కదా," అని తానే నవ్వాడు. ఉద్యోగం వచ్చింది.

మరుసటి ఏడు ఆ రైతు మా గుమ్మంలోకి వచ్చాడు. "తల్లీ, రేపు సరుకు పోతున్నది. జర ఎదురు రావాలె." వెనక నిలబడ్డ డ్రైవరన్న కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. అప్పటి నుంచి ప్రతి ఏడూ తొలి లారీకి నేనే ఎదురు వెళ్లాను.

మొన్న డ్రైవరన్నను ఆయన లారీలోనే శ్మశానానికి తీసుకుపోయారు. దారిలో ఎప్పుడో ఆయన ఎక్కించుకున్న మనుషులే బండి నిండా ఉన్నారు. స్టీరింగు ముందు కూర్చున్న ఆయన తమ్ముడు గేరు వేయలేకపోయాడు. బడిలో వెనక బెంచీకి నా మాట వినబడదని పిల్లలు నవ్వుతారు. అయినా నేను వెళ్లి లారీకి ఎదురుగా నిలబడి గట్టిగా అడిగాను.

"అందరు ఎక్కిండ్రా? దేవుడు గూడ ఎక్కిండా?"

పైనుంచి ముందుగా ఆలూరు రైతు గొంతు, దాని వెంట అందరి గొంతులూ వచ్చాయి.

"ఎక్కిండు!"

నేను పక్కకు జరిగాను. బండి కదిలింది. చెక్కల సందుల్లో ఏళ్లుగా నిలిచిన పసుపు పొడి రాలుతూ, మలుపు దాకా రోడ్డు మీద సన్నటి గీతలా పరుచుకుంది.