వంటింటికీ సముద్రానికీ మధ్య ఒక మోకాలు

2024 జనవరి. బాపట్లలో నా క్లినిక్ అంటే రోడ్డు వైపు తెరుచుకునే ఒక గది, రెండు మంచాలు, కదలకుండా తొక్కే ఒక సైకిలు. పొద్దుటి పూట మాత్రం నేను అందులో ఉండను. ఆపరేషనయి ఇల్లు కదల్లేనివాళ్ల దగ్గరికి స్కూటీ వేసుకుని నేనే వెళ్తాను. నేను ఫిజియోథెరపిస్టుని. మాది రేపల్లె. బాపట్లలో సగం మంది నన్ను ఇప్పటికీ "మాలిష్ చేసే అమ్మాయి" అంటారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు నవ్వి ఊరుకుంటున్నాను.

ఆ నెలలో నాకు వచ్చిన కేసు దయామణి టీచరుగారు. కొలకలూరులో, తర్వాత బాపట్లలో పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యారు. గుంటూరులో కుడి మోకాలికి టీకేఆర్ చేయించుకుని వచ్చారు. టీకేఆర్ అంటే అరిగిపోయిన కీలు తీసేసి లోహంతో చేసిన కొత్త కీలు పెట్టడం. ఆపరేషన్ డాక్టరుగారి పని, కీలుని వంచడం మా పని. మొదటి కొన్ని వారాల్లో వంచకపోతే లోపల కండ బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఎంత ఏడ్చినా వంగదు. అప్పుడు మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లి, మత్తు ఇచ్చి, డాక్టరే బలవంతంగా వంచాల్సి వస్తుంది. దాన్ని మానిప్యులేషన్ అంటారు. టీచరుగారికి మత్తంటే చచ్చేంత భయం.

భయం ఉన్న మనిషి వ్యాయామం చేయాలి గదా? చేసేవారు కాదు. హీల్ స్లైడ్ అని ఒకటుంది. మంచం మీద పడుకుని మడమను జారుస్తూ మోకాలు మడవడం. నేనున్నంతసేపూ అమ్మా, దేవా అనుకుంటూ నాలుగుసార్లు మడిచేవారు. నేను గేటు దాటగానే వాకర్ పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయేవారు. మర్నాడు నేను గోనియోమీటర్ పెట్టి చూస్తే అంకె మారేది కాదు. అది మోకాలు ఎంత వంగిందో కొలిచే పరికరం, రెండు చేతులున్న ప్లాస్టిక్ స్కేలులా ఉంటుంది. తొంభై డిగ్రీలు వంగితేనే కుర్చీలోంచి లేవడం, ఆటో ఎక్కడం, మెట్లు దిగడం కుదురుతాయి. ఆవిడది అరవై దగ్గర ఆగిపోయింది.

"టీచర్ గారూ, లెక్కల మేడమ్ మీరు. అరవై గొప్పా, తొంభై గొప్పా?" అన్నాను ఒకరోజు కోపం ఆపుకోలేక.

"ఏమ్మా, అరవైకి ఫస్టు క్లాసు ఇచ్చేవాళ్లం మేము," అన్నారావిడ తాపీగా.

నాకు ముక్కు మీదే కోపం. కానీ ఆవిడ ఆ మాట అన్న తీరుకి నవ్వాగలేదు.

మా పనిలో గోల్ సెట్టింగ్ అని ఒక పద్ధతుంది. పేషెంటుని అడుగుతాం, కాలు బాగైతే ఏం చేయాలనుంది, ఎక్కడికి వెళ్లాలనుంది అని. వాళ్లు చెప్పినదాన్ని పట్టుకుని వ్యాయామం నడిపిస్తాం. ఆవిడని అడిగితే, "ఎక్కడికెళ్లాలమ్మాయ్? చర్చి ఎదురుగానే ఉంది. నా వంటింట్లో నేను నిలబడగలిగితే చాలు," అన్నారు. చిక్కంతా అక్కడే ఉంది. పొయ్యి దగ్గర నిలబడడానికి మోకాలు వంచక్కర్లేదు. ఆవిడ కోరుకున్నది ఆవిడకి అప్పటికే దొరికిపోయింది, ఇంక నా మాట ఎందుకు వింటారు?

ఆవిడ భర్త ప్రకాశరావు గారు. క్లర్కుగా చేసి రిటైరయ్యారు. సరదా మనిషి, నేను బాబాయిగారూ అని పిలుస్తాను. ఒక ఆదివారం చర్చి అయ్యాక వెళ్లేసరికి ఇల్లంతా చుట్టాలు. ఆయన చెల్లెలు కారంచేడు నుంచి పిల్లాజెల్లాతో పరామర్శకి వచ్చారు. పరామర్శ ఇట్టే అయిపోయింది. గుమ్మంలో రెండు ఆటోలు ఆగి ఉన్నాయి. బాబాయిగారు తువ్వాళ్లు భుజాన వేసుకుని అందర్నీ తొందర పెడుతున్నారు.

"ఎక్కడికి బాబాయిగారూ?"

"ఇంకెక్కడికమ్మా, సూర్యలంకకి! బాపట్ల వచ్చి సముద్రం చూడకుండా పోతారా ఎవరైనా?"

మా వైపు ఇది రివాజు. పెళ్లికి రానీ, పరీక్షకి రానీ, కాలు విరిగినవాళ్లని చూడ్డానికి రానీ, బాపట్లలో దిగిన చుట్టాన్ని సముద్రానికి తీసుకెళ్లాల్సిందే. ఆటోలో పావుగంట. టీచరుగారు వాకర్ పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఎండ ముదరకముందే వచ్చేయండి, పులుసు చల్లారిపోద్ది," అని చెప్పారు. ఆటోలు బయలుదేరబోతున్నాయి. నేను ఊరికే మాటవరసకి అడిగాను.

"మీరు ఆఖరిసారి ఎప్పుడు వెళ్లారు టీచర్ గారూ?"

ఆవిడ వెనక్కి తిరిగి సింకు దగ్గరికి వెళ్లారు. గరిటె కడుగుతున్నారు. బాబాయిగారే ఆటోలోంచి తల బయటపెట్టి, "మొన్నేగా, మా మేనకోడలు వచ్చినప్పుడు..." అని ఆగి, "కాదు, అప్పుడు నువ్వు ఇంట్లో ఉన్నావు గదా. అంతకుముందు మీ తమ్ముడు వాళ్లు వచ్చినప్పుడు..." అని మళ్లీ ఆగారు. ఆటోలోంచి దిగి లోపలికి వచ్చారు.

"దయా, నువ్వు అసలు ఎప్పుడైనా వచ్చావా?"

"నేనొస్తే వంటెవరు చేస్తారండీ? సముద్రంలో ఆడొచ్చినవాళ్ల ఆకలి మామూలుగా ఉండదు. తలుపు తీసీతీయగానే కంచాలు పెట్టాలి."

"మరి స్కూలు పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు?"

"ఇంట్లో ఒప్పుకోని పిల్లలు కొందరుంటారు గదా. వాళ్లని కనిపెట్టుకుని క్లాసులోనే ఉండేదాన్ని."

ఆవిడ ఈ మాటలు ఏ బాధా లేకుండా చెప్పారు. నిజంగానే ఆవిడకి బాధ లేదు. పెళ్లయి ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచి సముద్రం పక్కనే ఉంది, ఎటూ పోదు, ఎప్పుడైనా చూడొచ్చు అనుకుంటూ గడిపేశారు. బాధంతా బాబాయిగారి మొహంలో కనిపించింది. ఇన్నేళ్ల కాపురంలో లెక్కలేనన్నిసార్లు సముద్రానికి వెళ్లొచ్చిన మనిషి, పక్కన భార్య లేదని ఇవాళ గమనించారు.  ఆటోల్లో పిల్లలు కేకలు పెడుతుంటే తల దించుకుని వెళ్లిపోయారు.

నేను స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. "టీచర్ గారూ, గోల్ దొరికింది. మీరు సముద్రంలో కాళ్లు తడుపుకోవాలి. మోకాలు తొంభై దాటకపోతే ఆటో కూడా ఎక్కలేరు. దాటిన రోజున నేనే తీసుకెళ్తా."

"పోవే పిచ్చిదానా," అన్నారు. కానీ ఆ సాయంత్రం బాబాయిగారు ఫోన్ చేసి, "అమ్మా, మీ టీచరు మంచమెక్కి కాలు మడుస్తోంది. పళ్లు కొరుకుతోంది గానీ ఆపడం లేదు," అన్నారు.

అక్కణ్ణుంచి ఆవిడ పట్టుదల చూడాలి. మోకాలు వాస్తే ఐస్ పెట్టుకోవడం, వాపు తగ్గగానే మళ్లీ మడవడం. ఒక్కోరోజు కళ్లలో నీళ్లు తిరిగేవి. "నొప్పిగా ఉందా, ఆపుదామా?" అంటే, "నొప్పుండక ఏముంటుంది, నువ్వు కానివ్వు," అని నన్నే కసిరేవారు. వీధిలో చేపలమ్మే కాంతమ్మది సూర్యలంక. గంప దింపి గుమ్మంలో కూర్చుని ఈ తతంగమంతా చూసేది. సంగతి తెలిసి ఒకటే నవ్వు.

"ఇన్నేళ్లు నా దగ్గర చేపలు కొంటన్నారు, అయ్యి ఏడ నుంచి వస్తన్నాయో చూడాలనిపించలేదా టీచరమ్మా?"

"నువ్వు రోజూ ఈ వీధమ్మట తిరుగుతావు గదా కాంతం, ఈ ఊళ్లో భావనారాయణస్వామి గుళ్లోకి ఎప్పుడైనా వెళ్లావా?"

కాంతమ్మ నవ్వు ఆగిపోయింది. "చేపల గంపతో గుళ్లోకి ఎట్టా పోతానండీ? పండగలకి రావాలనుకుంటానే ఉంటా," అంది.

ఫిబ్రవరి చివర గుంటూరులో డాక్టరుగారు మోకాలు వంచి చూశారు. తొంభై దాటి ఇంకాస్త వంగింది. మానిప్యులేషన్ అక్కర్లేదన్నారు. కుట్టు పూర్తిగా మానిందనీ ఉప్పునీళ్లు తగిలినా ఫర్వాలేదనీ చెప్పారు. టీచరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసుకుని, నాకు ఫోన్ చేసి ఒకే మాట అన్నారు, "ఎప్పుడు?"

మార్చిలో ఒక పొద్దున ఆటో మాట్లాడుకుని వెళ్లాను. బాబాయిగారు కొత్త చొక్కా వేసుకుని తయారుగా ఉన్నారు. అప్పుడు చెప్పారు టీచరుగారు.

"మీరు రావద్దండీ. ఇంటి దగ్గరుండి పులుసు పెట్టండి."

"నేను రాకుండానా? నీకు నేను చూపించొద్దా?"

"మీరొస్తే అది చూడు, ఇది చూడు అని మీరు చెప్పడమే సరిపోతుంది. నన్ను చూడనివ్వండి. వచ్చేసరికి వేడిగా ఉండాలి. మామిడికాయ ముక్కలు కోసిపెట్టాను."

ఆయన నా వంక చూశారు. నేను ఆకాశం వంక చూశాను.

సూర్యలంకలో ఆటో దిగి ఇసుకలో రెండడుగులు వేశామో లేదో, వాకర్ కాళ్లు నాలుగూ దిగబడిపోయాయి. ఎత్తితే ఇంకా లోపలికి పోతోంది. ఇంట్లో నడిపించాను, మెట్ల మీద నడిపించాను, సిమెంటు రోడ్డు మీద నడిపించాను. ఇసుక సంగతి నాకు తట్టనే లేదు. ఎదురుగా సముద్రం కనిపిస్తోంది, మధ్యలో ఇంత మెత్తటి ఇసుక. తూలిపడితే ఇన్నాళ్ల కష్టం ఒక్క క్షణంలో గంగలో కలిసిపోతుంది. 

కాంతమ్మ అక్కడే మా కోసం చూస్తోంది. "ఏంటి చూస్తన్నారు? కుర్చీ తెత్తా, మావోళ్లు మోసుకుపోతారు," అంది.

"మోయించుకుని చూసేదానికి ఈ కాలు ఇంత కష్టపడి ఎందుకు వంచానే?" అన్నారు టీచరుగారు. ఇసుకలోనే నిలబడ్డారు, వెనక్కీ రారు, ముందుకీ పోలేరు.

కాంతమ్మ ఒక్క క్షణం ఆలోచించి పడవల వైపు కేకేసింది. పడవని ఒడ్డుకి లాగేటప్పుడు ఇసుకలో కూరుకుపోకుండా కింద వేసే పొడుగాటి చెక్కలు తెచ్చారు ఇద్దరు ఆడవాళ్లు. వాటిని వరసగా పరిచారు. టీచరుగారు ఒక చెక్క మీద వాకర్ ఆనించి, నడిచి రెండోదాని మీదికి వెళ్లగానే, వెనక చెక్క తీసుకొచ్చి ముందు వేశారు. నేను ఆవిడ నడుముకి చెయ్యి ఆనించి పక్కన నడిచాను. "మోకాలు వంచండి, ఎత్తండి, పెట్టండి" అని నేను అంటుంటే, "నాకు తెలుసు, నువ్వు గమ్మునుండు," అంటున్నారు. పడవను జరిపినంత నెమ్మదిగా తడి ఇసుక దాకా చేరాం. అక్కడ నేల గట్టిగానే ఉంది. వాకర్ నాకిచ్చేసి, ఒక చేత్తో నన్నూ ఒక చేత్తో కాంతమ్మనీ పట్టుకున్నారు. అల వచ్చి పాదాలు, చీర అంచు తడిపి వెనక్కి పోయింది. కాళ్ల కింద ఇసుక జారుతుంటే నా చెయ్యి గట్టిగా నొక్కారు.

ఇంకో రెండు అలలు వచ్చి పోయేదాకా అలాగే నిలబడ్డారు. తర్వాత, "అందరూ వచ్చి ఎన్నో చెప్పేవారు. నీలంగా ఉందనీ, పెద్దదనీ. ఇంత చప్పుడు చేస్తుందని ఒక్కళ్లూ చెప్పలేదు చూడు," అన్నారు. నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, సంతోషంతోనే ఏడ్చాను.

ఈలోగా బాబాయిగారు చింతపండు ఎంతని ఒకసారి, చేపముక్కలు ఎప్పుడు వేయాలని ఒకసారి ఫోన్ చేశారు. ఆవిడ ఫోన్ని సముద్రం వైపు తిప్పి, "వినండి," అని పెట్టేశారు.

ఇంటికొచ్చేసరికి కంచాలు పెట్టి ఉన్నాయి. పులుసులో ఉప్పెక్కువ. మామిడికాయ ఉడకలేదు. వంజరం చేప ముక్కలు చెదిరిపోయాయి. మేమిద్దరం మారు మాట్లాడకుండా తిన్నాం. మళ్లీ వడ్డించుకుని తిన్నాం. గిన్నె అడుగు కనిపించాక టీచరుగారు చెయ్యి గాల్లో ఆపి భర్త వంక చూశారు.

"ఏమండీ, ఉప్పు కషాయంలా ఉందండీ. అయినా ఎంత బాగుందో!" అని, ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు. "ఓరి దేవుడా! అయితే ఇన్నేళ్లూ మీ చెల్లెలు, 'వదినా, నీ చేతి పులుసులాంటిది ఇంకెక్కడా లేదు' అని గిన్నెలు నాకిందంటే అది నా చేతి మహిమ కాదా? సముద్రం చూసొచ్చిన ఆకలా అది?"

బాబాయిగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆవిడ ఇంకా ఎక్కువ నవ్వారు. నవ్వుతూనే నా వైపు తిరిగి, "నువ్వు రేపల్లె నుంచి తెనాలికి రోజూ రైల్లో వెళ్లి చదువుకున్నానన్నావు గదా. దారిలో భట్టిప్రోలు బౌద్ధ స్తూపం చూశావా?" అని అడిగారు.

"స్టేషను బోర్డు చూశానండి," అన్నాను.

"మరి నీ మోకాళ్లకేం రోగం?"

ఆ కేసు తర్వాత నా ప్రశ్న మార్చుకున్నాను. ఎక్కడికి వెళ్లాలనుందని అడిగితే జనం మొహమాటపడి, బాత్రూము దాకా చాలమ్మా, వంటింటి దాకా చాలమ్మా అంటారు. మీ ఊళ్లో ఇంతవరకూ మీరు చూడనిదేంటి అని అడిగితే మాత్రం అందరూ కాసేపు ఆలోచిస్తారు. ఏదో ఒకటి ఉంటుంది. అది చెప్పేటప్పుడు మొహం మారుతుంది. అది దొరికిందంటే నా పని సగం తేలికైనట్టే. మనిషి ఎంత దూరం నడవాలనుకుంటే కాలు అంతకే వంగుతుందని నాకు టీచరుగారి దగ్గర తెలిసింది.

ఎండలు తగ్గాక ఒక ఆదివారం భట్టిప్రోలులో దిగాను. ఇటుకల దిబ్బ, చుట్టూ గడ్డి, మంచి గాలి. చూడ్డానికి అక్కడేం లేదని మా ఇంట్లో అనేవారు, వాళ్లూ చూసినవాళ్లు కాదు. దిబ్బ చుట్టూ తిరిగి, ఎన్ని వందల ఏళ్లుగా మా రైలు దారి పక్కనే ఇది ఇట్టా కూర్చుని ఉందోనని ఆశ్చర్యపోయి, టీచరుగారికి ఫోన్ చేశాను. "అయితే తిన్నగా మా ఇంటికే రా," అన్నారు.

బాపట్ల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వాకర్ లేదు, చేతికర్ర లేదు, ఆవిడే గేటు దాకా నడిచొచ్చారు. ఆ గేటుకి గొళ్లెం అడుగున ఉంటుంది. రెండు మోకాళ్లూ వంచి, కిందికి వంగి, దాన్ని తనే లాగి తెరిచారు. నా సంచిలో గోనియోమీటర్ ఉంది గానీ తీయాలనిపించలేదు.

"కాళ్లు కడుక్కుని రామ్మా, చూసొచ్చావు గదా, ఆకలేస్తుంటుంది," అన్నారు.