ముప్పై రెండు బోరు

ఇంతవరకూ నా ప్రాణాన్ని కాచిన దేవునికి స్తోత్రం.

విజయనగరం వెళ్లే బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన మాటిమాటికీ నడుం తడుముకుంటున్నాడు.

"ఏటి మావా, నొప్పా?" అన్నాను.

"పిస్తోలు బాబూ. ఎలక్షన్లని పోలీస్ స్టేషన్లో ఇచ్చీసినాను. అయినా సెయ్యి ఊరుకోదు."

రొయ్యల చెరువు తగాదాలో అవతలివాళ్లు చంపుతామని బెదిరిస్తుంటే, నాకూ అప్పుడే తుపాకీ లైసెన్సు వచ్చింది. ఏది కొనమంటారని అడిగాను.

"మనలాటోళ్లకి ముప్పై రెండు బోరు తుపాకే దొరుకుతాది. రివాల్వరు మొరాయించదు గానీ సొక్కా కింద ఎత్తుగా ఉంటాది. పిస్తోలు పల్చన, ఎవులికీ కనపడదు." చెయ్యి మళ్లీ నడుం మీదికి పోయింది. "అది నడుముకెట్టిన కాడ్నుంచీ మనవరాల్ని ఒళ్లో కూకోబెట్టుకోనేదు."

నేనింకా ఏదీ కొనలేదు. బెదిరింపులూ ఆగలేదు. ఆరాధనలో మోకరించినా నా కళ్లు తలుపు వైపే పోతున్నాయి. వాళ్ల మనసు మార్చమని, నా భయం తీయమని మీరూ నాతోపాటు ప్రార్థించండి.