ఏండ్లు, పండ్లు

మర్రిగూడ వైపు గొర్రె వయసెంతని అడిగితే దాని నోరు తెరిచి పండ్లు చూపిస్తారు. రెండు పండ్లదంటే ఏడాది దాటినది, ఎనిమిది పండ్లదంటే నాలుగేళ్లు నిండినది. గొర్రెల కాపరి ఎల్లేశం కూతురు నిరోషకు ఈ సంగతి ఒకరు చెప్పాలా? అయినా నల్లగొండలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతూ ఆమె బోల్తా పడింది సరిగ్గా ఇక్కడే.

పోయిన వానాకాలం ఎల్లేశం గొర్రెపిల్లలకు కడుపులో పురుగులు చచ్చే నట్టల మందు కంటి అందాజాతో పోశాడు. బరువుకు మించి పడిందేమో, కొన్ని పిల్లలు తెల్లారేసరికి లేవలేదు. ఆ తర్వాత ఆయన మందు సీసా ముట్టలేదు. ఆ బాధలోంచే నిరోష ప్రాజెక్టు పుట్టింది. వయసూ ఛాతీ చుట్టుకొలతా ఇస్తే, తూచకుండానే బరువు తేల్చే లెక్క కట్టాలనుకుంది. అందుకోసం ఒక్కసారికి కాంటా అరువు తెచ్చి మందనంతా తూచింది. గొర్రెల తన్నులకు మోకాళ్లు కమిలినా వదల్లేదు, అంత మొండిది.

కొలతలన్నీ ఎక్కిస్తే కంప్యూటరు గొర్రెకో చుక్క పెట్టి, వాటి మధ్యగా వయసును బట్టి బరువు చూపే గీత గీసింది. నిరోష సంతోషం పట్టలేక ఆ లెక్కన మందు కొలతలు బాపుకు ఫోనులో చెప్పేసింది. "నువ్వు చెప్తె ఫికర్ లేదు బిడ్డా, రేపు పొద్దుగాల పోస్త" అన్నాడాయన.

మర్నాడు పొద్దున్నే కాలేజీలో కమలాకర్ సారు ఆ గీత చూశారు. "గీతను చూసి మురవకమ్మా. దూరంగ పడ్డ గా చుక్కలేందో చూడు" అన్నారు.

ఇంకొకరైతే ఆ చుక్కలను తుడిచేసి చేతులు దులుపుకునేవారు. నిరోషకు ప్రతి చుక్కా ఎరిగిన గొర్రే. అదిగో బొల్లి, దాని పక్కన చెవి తెగినది. బొల్లికి ఎనిమిదేళ్లంటోంది కంప్యూటరు. నిరుడు సంతలో నోరు చూసి కొన్న బొల్లికి ఎనిమిది పండ్లే గానీ ఎనిమిదేళ్లేమిటి? ఇంట్లో పుట్టిన వాటికి ఏండ్లు, సంతలో కొన్న వాటికి పండ్లు, రెండూ వయసు కిందే రాసేసింది. దాంతో గీత పెద్దవాటి వైపు కుంగి, చిన్నవాటి వైపు లేచి, పిల్లల బరువు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తోంది. బరువు ఎక్కువైతే మందూ ఎక్కువే. వెంటనే ఇంటికి ఫోను చేసింది.

"బాపూ, మందు పోసినవా?"

"సీస మూత తీసిన. ఏమైంది?"

"పొయ్యకు. లెక్క తప్పిన. ఏండ్లల్ల పండ్లు కలిపిన."

అవతల ఎల్లేశం నవ్వాడు. "గొర్లకాడ పెరిగినదానివి, నువ్వేనా బిడ్డా గిట్ల రాసింది?" ఆ నవ్వు విని నిరోషకు ఏడుపొచ్చింది.

సరిదిద్దిన లెక్కతో పాటు ఆ పొరపాటునూ ప్రాజెక్టు మొదటి పేజీలోనే రాసుకుంది. ఎంతమందికి ఉంటుంది ఆ గుండె?

ఆ వారమే ఇంటికి వచ్చి, బాపు ఒక్కో పిల్ల నోరు తెరిచి పట్టుకుంటే కొత్త కొలతతో తనే మందు పోసింది. మర్నాడు తెల్లారాక దొడ్డి తలుపు తీయడానికి తండ్రీకూతుళ్లిద్దరికీ భయమే. చివరికి నిరోషే తీసింది. పిల్లలన్నీ తల్లుల కింద దూరి పొదుగులు కుమ్ముతున్నాయి.

ఎల్లేశం చాలాసేపు చూశాడు. పోయి మందు సీసా తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

"ఇగ ఇది నీ దగ్గర్నే ఉండనియ్" అన్నాడు.